బి విటమిన్లూ, గుండే – నేను వెనక్కి తీసుకుంటున్న ఒక సలహా

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘ భవనంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మనవి. నేను డాక్టర్ని కాను. 1977లో చేరి 2011లో పదవీ విరమణ చేసేదాకా 34 ఏళ్ళు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందుల గది కిటికీ వెనకాల నిలబడినవాణ్ణి. కాగితాల మీద ఫార్మసిస్టుని, జనం నోట్లో కాంపౌండర్ని. ఆ 34 ఏళ్ళలో నా చేత్తో అన్నిటికంటే ఎక్కువగా ఇచ్చిన మందు ఏమిటని ఎవరైనా అడిగితే పారాసెటమాల్ అని చెబుతాననుకుంటారు. కాదు, బి-కాంప్లెక్సు. నీరసానికి అదే, నోటిపూతకు అదే, కాళ్ళు లాగితే అదే. ఇండెంటు రాక అల్మరా ఖాళీ అయిన రోజున వచ్చిన రోగిని ఉత్త చేతుల్తో పంపలేక ఇచ్చేదీ అదే. మింగిన మర్నాడు మూత్రం పచ్చగా వస్తే "మందు బాగా పట్టింది బాబూ" అని సంతోషించేవారు. అందులో ఉన్న బి-2 ఒంటికి కావలసినంత పోగా మిగిలింది బయటికి పోతోందని దాని అర్థం. నేను మాత్రం ఎవరికీ విడమరిచి చెప్పలేదు. వాళ్ళ సంతోషం పోగొట్టడం దేనికని ఊరుకునేవాణ్ణి.

ఇంతమందికి పంచినవాణ్ణి, నేనే ఆ నమ్మకంలో పడ్డాను. అదే ఈ రోజు చెప్పుకోవడానికి వచ్చాను.

2021 ఫిబ్రవరిలో నాకు గుండెపోటు వచ్చింది. ఒక స్టెంటు వేశారు. ఏస్పిరిన్, క్లోపిడోగ్రెల్, మెటోప్రొలాల్, అటోర్వాస్టాటిన్ రాసి పంపారు. ఏడాదిన్నర బుద్ధిగా వాడాను. 2022లో ఒక ఆరోగ్య పరీక్షల ప్యాకేజీ చేయించుకుంటే రిపోర్టులో ఒక అంకె ఎర్ర సిరాతో వచ్చింది. హోమోసిస్టీన్ 26. పక్కనే 15 లోపు ఉండాలని రాసి ఉంది. గుండెజబ్బుకు ఇదొక కారణమని ఎప్పుడో చదివిన గుర్తు. ఫోలిక్ ఆసిడ్, బి-6, బి-12 కలిసిన మాత్రలు ఖరీదైనవే కొని మొదలుపెట్టాను. మూడు నెలల తర్వాత అంకె 12కి దిగింది. పరీక్ష పాసైన కుర్రాడిలా ఇంట్లో అందరికీ ఆ కాగితం చూపించాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు పిక్కలు నొప్పులుగా ఉండేవి. కొలెస్టరాల్ మాత్ర వల్లేనని నాకు నేనే తీర్మానించుకుని, మొదట రోజు విడిచి రోజు వేసుకుని, తర్వాత పూర్తిగా మానేశాను. డాక్టరు గారిని అడగలేదు. హోమోసిస్టీన్ దిగింది కదా, గుండెకు కాపలా ఉందిలే అనుకున్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. మన భవనం అరుగు మీద కూర్చుని, నన్ను అడిగిన ముగ్గురు సభ్యులకు "మీరూ వాడండి, గుండెకు మంచిది" అని కాగితం ముక్క మీద పేరు రాసి ఇచ్చాను.

2023 మార్చిలో రెండో అంతస్తు ఎక్కుతుంటే రొమ్ము మీద రాయి పెట్టినట్టయింది. చెడ్డ కొలెస్టరాల్ అనే ఎల్.డి.ఎల్. 64 ఉండవలసిన చోట 151కి పోయింది. రెండో స్టెంటు పడింది. మాత్ర ఎందుకు ఆపారని డాక్టరు గారు అడిగితే, "హోమోసిస్టీన్ 12కి వచ్చిందండీ" అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "కాంపౌండరు గారూ, మీరే ఇలా చేస్తే ఎలా?" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆపరేషను బల్ల మీద తల తిప్పుకున్నాను.

తర్వాత తీరిగ్గా చదివాను. చదివినదాంట్లో నాకు అర్థమైనంత వరకు మీ ముందు పెడతాను.

బి విటమినుతో గుండె బాగుపడుతుందన్నది కల్లబొల్లి మాట కాదు. అలా బాగుపడే గుండెజబ్బు ఒకటి ఉంది. అది మన ఉత్తర సర్కారు జిల్లాల్లోనే తిష్ఠ వేసుకుని ఉండేది. దాని పేరు బెరిబెరి. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉన్న మాల్కమ్సన్ అనే దొర 1835లోనే దీని మీద మద్రాసులో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. కాళ్ళు ఉబ్బడం, ఆయాసం, గుండె దడ, ఒక్కొక్కప్పుడు ఉన్నట్టుండి ప్రాణం పోవడం. కారణం చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. జావా ద్వీపంలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్ళకు ఇలాంటి జబ్బే వచ్చి, పైపొర ఉన్న బియ్యం పెడితే తగ్గడం గమనించాడు. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తవుడులో ఉన్నదే బి-1, థయమిన్.

గుండె కండరం అన్నంలోని పిండిపదార్థాన్ని శక్తిగా మార్చుకోవాలంటే థయమిన్ ఉండాలి. అది లేకపోతే గుండె ఎంత కొట్టుకున్నా చాలదు, ఉబ్బిపోతుంది. అలాంటి రోగికి థయమిన్ ఇంజక్షను ఇస్తే గంటల్లో తేలిక కనిపిస్తుంది.

మరి తమిళ దేశంలోనూ అన్నమే కదా, మన దగ్గరే ఎందుకు ఎక్కువ? మనది మరపట్టిన పచ్చిబియ్యం, వాళ్ళది చాలావరకు ఉప్పుడు బియ్యం. వడ్లు ఉడకబెట్టినప్పుడు పైపొరలోని థయమిన్ గింజ లోపలికి దిగుతుంది, తర్వాత మర ఆడించినా పూర్తిగా పోదు. దానికి తోడు మనం బియ్యం మూడుసార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తాం. మా అమ్మమ్మ ఆ గంజిలో ఉప్పు వేసి మాకు పోసేది. పేదరికం వల్లనే పోసింది గాని, పోసింది మంచిదే. చోడి అంబలి తాగినవాళ్ళూ దంపుడు బియ్యం తిన్నవాళ్ళూ ఈ జబ్బుకు దూరంగా ఉన్నారు.

ఇంకొక సంగతి. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మొదట పుట్టింది తమిళనాడులోని కూనూరులో, 1918లో, మెకారిసన్ అనే వైద్యుడు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో నడిపిన బెరిబెరి విచారణ విభాగంగా. అది 1958లో హైదరాబాదుకు వచ్చింది. అంతటి సంస్థకు బీజం ఈ తెల్లన్నం జబ్బే.

ఇక ఫోలిక్ ఆసిడ్. దీనికీ మనవాడే ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన తోబుట్టువుని పొట్టన పెట్టుకుంది. 1922లో అమెరికా వెళ్ళి, హార్వర్డులో పనిచేసి, తర్వాత లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు అధిపతి అయ్యారు. ఆయన బృందమే 1945లో ఫోలిక్ ఆసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూకి అదే మందయింది. అంతకు ముందు బొంబాయిలో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ, రక్తం పలచబడిన గర్భిణీలకు ఈస్టు సారం ఇచ్చి బాగుచేసి 1931లో రాసింది. ఆ సారంలో ఉన్న గుణం ఈ ఫోలిక్ ఆసిడ్‌దేనని తర్వాత తేలింది. సుబ్బారావు గారు 1948 ఆగస్టులో గుండె ఆగి, 53 ఏళ్ళకే పోయారు. ఆ ముక్క చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

అంటే ఇవి మహత్తరమైన మందులు. లోపం ఉన్నవాడికి. ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు.

పేచీ హోమోసిస్టీన్‌తో వచ్చింది. మనం తినే మాంసకృత్తులు అరిగే క్రమంలో ఒంట్లో తయారయ్యే పదార్థం అది. ఫోలిక్ ఆసిడ్, బి-12 కలిసి దాన్ని ఒక వైపు మార్చేస్తాయి, బి-6 ఇంకో వైపు మారుస్తుంది. ఈ మూడింట్లో ఏది తక్కువైనా అది రక్తంలో పేరుకుంటుంది. పుట్టుకతోనే ఈ మార్పిడి సరిగా జరగని పిల్లలు అరుదుగా ఉంటారు. అలాంటి ఎనిమిదేళ్ళ పిల్లవాడొకడు 1933లో బోస్టన్‌లో పక్షవాతంతో చనిపోయాడు. వాడి రక్తనాళాలు ముసలివాడి నాళాల్లా గట్టిపడి ఉన్నాయి. కిల్మర్ మెకల్లీ అనే వైద్యుడు ఆ పాత కేసునూ, రెండు నెలల పసికందు కేసునూ పక్కపక్కన పెట్టి చూసి, నాళాలు పాడుచేస్తున్నది హోమోసిస్టీనే అయి ఉంటుందని 1969లో రాశాడు. కొలెస్టరాల్ తప్ప ఇంకో మాట వినని కాలం. ఆయన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ, చివరికి హార్వర్డులో ఉద్యోగం కూడా నిలవలేదు. 1990లకు వచ్చేసరికి గాలి మారింది. హోమోసిస్టీన్ ఎక్కువ ఉన్నవాళ్ళకు గుండెపోట్లూ పక్షవాతాలూ ఎక్కువని లెక్కలు వచ్చాయి. చవక విటమిన్లతో అది దిగుతుందనీ తెలిసింది. దించితే గుండె బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

కాని అనిపించడం వేరు, వేలమంది మీద పరీక్షించి చూడటం వేరు. హోప్-2 అనే పరీక్షలో గుండెజబ్బో, షుగరో ఉన్న 55 ఏళ్ళు దాటిన 5,522 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజూ రెండున్నర మిల్లీగ్రాముల ఫోలిక్ ఆసిడ్, 50 మిల్లీగ్రాముల బి-6, ఒక మిల్లీగ్రాము బి-12. ఇంకో జట్టుకు చూడటానికి అలాగే ఉండే ఉత్త మాత్ర. అయిదేళ్ళు. ఎవరు ఏది మింగుతున్నారో వాళ్ళకూ తెలియదు, ఇచ్చేవాళ్ళకూ తెలియదు. 2006లో ఫలితం వచ్చింది. విటమిన్లు వాడినవాళ్ళలో హోమోసిస్టీన్ దిగింది. కాని గుండె కారణంగా మరణం, గుండెపోటు, పక్షవాతం మూడూ కలిపి చూస్తే వాళ్ళలో నూటికి సుమారు 19 మందికి వచ్చాయి, ఉత్త మాత్ర వాళ్ళలో నూటికి సుమారు 20 మందికి. అది తేడా కింద లెక్కకు రాదన్నారు. పక్షవాతాలు మాత్రం కొద్దిగా తగ్గాయి. అదే ఏడాది నార్వేలో గుండెపోటు వచ్చిన 3,749 మంది మీద చేసిన పరీక్షా వచ్చింది. అక్కడ హోమోసిస్టీన్ నాలుగోవంతు పైగా దిగినా మేలు కనిపించలేదు, మూడు విటమిన్లూ కలిపి వాడినవాళ్ళకు కొంచెం కీడేమోనన్న అనుమానం కూడా కలిగింది. 2010లో ఇలాంటివి ఎనిమిది పరీక్షలు, మొత్తం 37,485 మందివి, కలిపి లెక్క వేశారు. గుండెకు లాభం తేలలేదు.

స్టెంటు వేయించుకున్నవాళ్ళు మనలో చాలామందిమి ఉన్నాం గనుక ఇదీ చెబుతాను. స్టెంటు, బెలూను తర్వాత ఈ విటమిన్లు ఇస్తే నాళం మళ్ళీ మూసుకోవడం తగ్గిందని 2001లో స్విట్జర్లాండు నుంచి ఒక చిన్న అధ్యయనం వచ్చింది. 2004లో స్టెంటు వేసిన ఇంకా ఎక్కువమంది మీద చేసిన పరీక్షలో తగ్గకపోగా పెరిగింది. మొదటిది మాత్రమే చదివినవాడు ఏం చేస్తాడు? నేను చేసిందే చేస్తాడు.

మరి హోమోసిస్టీన్ దిగినా గుండె ఎందుకు బాగుపడలేదు? చాలామంది చెప్పేదేమంటే, అది నిప్పు కాదు, పొగ. మూత్రపిండాలు మందగించినా, వయసు పైబడినా, పొగతాగినా అది పెరుగుతుంది. నాళాలు పాడవడానికి అసలు కారణాలూ అవే. పొగను విసనకర్రతో విసిరి పంపేస్తే నిప్పు ఆరదు కదా.

చైనాలో చేసిన ఒక పరీక్ష గురించి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే విటమిన్లు అమ్మేవాళ్ళు దీన్నే చూపిస్తారు. బి.పి. ఉన్న 20,702 మందికి 4 ఏళ్ళకు పైగా ఎనలాప్రిల్ అనే బి.పి. మాత్ర ఇచ్చి, అందులో సగం మందికి 0.8 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆసిడ్ కూడా కలిపి ఇచ్చారు. 2015లో ఫలితం వచ్చింది. మొదటిసారి పక్షవాతం రావడం నూటికి 3.4 నుంచి 2.7కి తగ్గింది. అది నిజమైన లాభమే. అమెరికాలో 1998 నుంచి పిండిలో ఫోలిక్ ఆసిడ్ కలపడం తప్పనిసరి, చైనాలో అలా కలపరు, అందుకే అక్కడ పనిచేసిందంటారు. కాని అయ్యా, అమ్మా, ఒక్క మాట గమనించండి. ఆ 20,702 మందీ బి.పి. మాత్ర వేసుకుంటున్నారు. ఫోలిక్ ఆసిడ్ దానికి తోడుగా వచ్చిందే గాని దాని స్థానంలో రాలేదు. పైగా అక్కడ కూడా తగ్గింది పక్షవాతం, గుండెపోటు కాదు.

బి-3, అంటే నయాసిన్ కథా ఇంతే. పెద్ద మోతాదులో ఇస్తే కొలెస్టరాల్ లెక్కలు బాగుపడతాయి, ఒళ్ళంతా ఎర్రగా వెచ్చబడుతుంది. 25,673 మంది మీద చేసి 2014లో ప్రచురించిన పరీక్షలో, కొలెస్టరాల్ మాత్ర వాడేవాళ్ళకు అదనంగా ఇది ఇస్తే గుండెకు లాభం లేకపోగా షుగరు, రక్తస్రావాలు, ఇన్‌ఫెక్షన్లు ఎక్కువయ్యాయి.

ఇంతా విని, "అయితే విటమిన్లన్నీ దండగేనా?" అని మీరు ఇంటికి వెళితే నేను ఇంకో తప్పు చేసినవాణ్ణవుతాను. మా ఇంటి సంగతే చెబుతాను. మా ఆవిడ 14 ఏళ్ళుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతోంది. అరికాళ్ళలో చీమలు పాకినట్టుంటోందని రెండేళ్ళు చెప్పింది. షుగరువాళ్ళకు మామూలేనని నేను కొట్టిపారేశాను. నాకు రెండో స్టెంటు వేసిన డాక్టరు గారే ఆవిడ మాట విని బి-12 పరీక్ష రాశారు. చాలా తక్కువ ఉంది. ఇంజక్షన్లు వేయిస్తే నాలుగు నెలల్లో తిమ్మిర్లు చాలావరకు తగ్గాయి. "అక్కర్లేని మీరు డబ్బాలు డబ్బాలు మింగారు, కావలసిన నాకు ఒక్కటి ఇవ్వలేదు" అని ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

బి-12 ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలో ఉంటుంది. పూణేలో చేసి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పరీక్షించిన వారిలో సగానికి దగ్గరగా బి-12 లోపం, నాలుగింట మూడొంతుల మందికి హోమోసిస్టీన్ 15 దాటి కనిపించాయి. అంటే నా 26 కూడా బహుశా శాకాహారి కడుపు చెప్పిన బి-12 కబురే. నేను దాన్ని గుండె కబురుగా చదువుకున్నాను. వయసు పైబడినకొద్దీ కడుపులో ఆమ్లం తగ్గి తిన్న బి-12 కూడా ఒంటబట్టదు. మెట్‌ఫార్మిన్, ఏళ్ళ తరబడి గ్యాసు మాత్రలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. తిమ్మిర్లు, తూలు, మతిమరుపు, రక్తం పలచబడటం ఉన్నవాళ్ళు పరీక్ష చేయించుకుని, లోపం ఉంటే తప్పక వాడాలి. ఆయాసానికి నీటి మాత్ర వాడేవాళ్ళలో కొందరికి థయమిన్ మూత్రంలో పోతుంది. వాళ్ళు డాక్టరు గారిని అడగాలి.

భయపడవలసినవి కూడా కొన్ని ఉన్నాయి. మందుల షాపులో దొరికే 5 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే మింగుతుంటే, బి-12 లోపం వల్ల పలచబడిన రక్తం బాగుపడుతుంది. కాని నరాలు లోలోపల చెడిపోతూనే ఉంటాయి. రక్తం రిపోర్టు బాగుంది గనుక ఎవరూ పట్టుకోలేరు. బి-6 పెద్ద మోతాదులో చాలాకాలం వాడితే అదే నరాలకు చేటు. షుగరు వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళకు ఈ మూడూ పెద్ద మోతాదులో ఇచ్చి చూస్తే మూత్రపిండాలు ఇంకా త్వరగా క్షీణించాయనీ, గుండె, నాళాల ఉపద్రవాలు ఎక్కువయ్యాయనీ 2010లో తేలింది. మనలో షుగరు లేనివారెందరు, చేతులెత్తమంటే లెక్క తేలుతుంది.

తిండి మాటకు వస్తే తోటకూర, పాలకూర, పెసలు, శనగలు, కందిపప్పు ఉన్న ఇంట్లో ఫోలిక్ ఆసిడ్‌కు కరువుండదు. కూర మరీ ఉడికించి నీళ్ళు పారబోయకపోతే చాలు.

నా మటుకు నేను కొలెస్టరాల్ మాత్ర మళ్ళీ మొదలుపెట్టాను. పిక్కల నొప్పి సంగతి చెబితే డాక్టరు గారు మాత్ర మార్చి ఇచ్చారు, ఇప్పుడు నొప్పి లేదు. అడిగి ఉంటే మొదటే మార్చి ఇచ్చేవారు. ఎల్.డి.ఎల్. 58కి వచ్చింది. బి-12 మాత్రం లోపం ఉందని తేలింది గనుక వాడుతున్నాను. హోమోసిస్టీన్ మళ్ళీ చూపించుకోలేదు.

కార్యదర్శి గారి అనుమతితో వచ్చే మంగళవారం పొద్దున్న 10 గంటలకు ఇక్కడే కూర్చుంటాను. మీరు రోజూ వేసుకునే మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. ఏది ఎందుకో, ఒకే మందు రెండు పేర్లతో వస్తోందేమో చూసి చెబుతాను. ఏదీ ఆపమని మాత్రం చెప్పను, అది మీ డాక్టరు గారి పని. బి.పి. చూసే ఏర్పాటు కూడా ఉంటుంది.

నేను పేరు రాసి ఇచ్చిన ముగ్గురిలో ఇద్దరు నా ఎదురుగా మూడో వరసలో కూర్చున్నారు. వాళ్ళతో నిన్ననే మాట్లాడాను. ఒకాయన బి.పి. మాత్ర ఎప్పుడూ ఆపలేదట. రెండో ఆయన ఆపి, ఈ మధ్యనే మళ్ళీ మొదలుపెట్టారట. మూడో ఆయన కూతురి దగ్గరికి వెళ్ళారు, ఫోను ఎత్తడం లేదు. ఆయన ఎక్కడున్నారో తెలిసినవారు సభ అయ్యాక నాకు ఆ చిరునామా ఇప్పిస్తే, రేపే బస్సెక్కుతాను.

సెలవు.